మట్టిగట్టులో బొరియ

మలేషియా అడవుల యాత్రకు తీసుకెళ్లేవాళ్లు ముందే చదివి రమ్మన్న పక్షుల పుస్తకాన్ని మాదాపూర్ ఆఫీసు గేటు దగ్గర టీ తాగుతూ తిరగేస్తున్నాను. వాచ్‌మన్ ఎల్లయ్య వంగి బొమ్మ చూశాడు.

"గీ లకుముకి పిట్టను చూడనీకి గంత దూరం పోతున్నరా సార్?"

"మట్టిగట్టులో బొరియ తొలిచి గుడ్లు పెడుతుందట, తెలుసా?" అన్నాను గొప్పగా.

"ఎర్కే సార్. మన ఆఫీసు ఎనక గట్టుల గూడ ఉండె. దాని అరుపుకు అమెరికావాళ్లతోని ఫోన్ల గా వైటూకే కంప్యూటర్ పని ముచ్చట సాగుతలేదని పోయిన వారం మీరే గా బొరియ మూయించిండ్రు."

పుస్తకం మూసేశాను. తలెత్తకుండానే అడిగాను.

"అప్పుడు లోపల ఏమైనా..."

"పిల్లలుండె సార్. సిమెంటు పెట్టకముందే చెప్పనీకొచ్చిన. మీరు ఫోన్ల ఉండి, చెయ్యి ఊపి పొమ్మన్నరు."