వంతెన మీద ఆగిన కారు

బెనిల్దాకు కడుపులో నొప్పి లేచిన ప్రతిసారీ నింద కోడలి వంట మీదకే వెళ్ళేది.

"నా కడుపులో రాళ్ళు ఊరికే పడలేదమ్మాయ్. పదేళ్ళుగా నీ చేతి బీన్సు తింటున్నాను, అవే గట్టిపడ్డాయి" అనేది, డొక్క పట్టుకుని వంటింటి బల్ల మీదకు వాలిపోతూ.

"అయితే రేపట్నుంచి మీరే వండండి అత్తయ్యా" అనేది నొయెమీ. ఇద్దరూ కాసేపు నవ్వుకునేవారు. నొప్పి తగ్గేది. ఆ మాట అక్కడితో మరిచిపోయేవారు.

మే నెలలో ఒక ఉదయం నొప్పి తగ్గలేదు. బెనిల్దా నేల మీద ముడుచుకుపోయి వాంతులు చేసుకుంది. కళ్ళు పచ్చబడ్డాయి. అమెరికా సరిహద్దు ఊరు ఎల్ పాసోలో ఇంటికి దగ్గరగా ఉన్న పెద్దాసుపత్రికి తీసుకెళితే ఇంజెక్షన్లిచ్చి నొప్పి తగ్గించారు. పిత్తాశయం వాచిపోయింది, వీలైనంత త్వరగా తీసేయాలి, పగిలితే ప్రాణం మీదకొస్తుంది అని చెప్పి ఇంటికి పంపేశారు.

బెనిల్దాకు బీమా లేదు. హోటళ్ళ దుప్పట్లు ఉతికే లాండ్రీలో జీవితమంతా పనిచేసింది. ఆ లాండ్రీ మూతపడిన రోజునే ఉద్యోగంతో పాటు బీమా కూడా పోయింది. ముసలివాళ్ళకు సర్కారు ఇచ్చే బీమా అందాలంటే ఇంకా కొన్నేళ్ళు ఆగాలి. ఆసుపత్రి ఆఫీసులో కూర్చున్న అమ్మాయి ఆపరేషన్‌కు ఎంతవుతుందో మెల్లగా చెప్పింది. బెనిల్దా మళ్ళీ చెప్పించుకుంది.

"నాకు తీసేది పిత్తాశయమే కదమ్మా? కొత్త గుండె పెట్టడం లేదు కదా?" అని అడిగింది.

ఆ అమ్మాయి నవ్వలేదు.

అవతలికి వెళదామన్న మాట ఎత్తింది నొయెమీయే. ఆ ఊళ్ళో అవతల అంటే నది మీది వంతెన దాటితే వచ్చే మెక్సికో ఊరు హ్వారెస్. పళ్ళు కట్టించుకోవడానికీ, కళ్ళజోడుకీ, పిల్లల దగ్గుమందుకీ చౌకని అందరూ అక్కడికే వెళ్ళొస్తుంటారు. చర్చిలో తెలిసినావిడ ఒకామె డాక్టర్ లుహాన్ పేరు చెప్పింది. నొయెమీ వెళ్ళి మాట్లాడి వచ్చింది. డాక్టరు కుర్రవాడిలా ఉన్నాడు, మాటకు ముందు నవ్వుతాడు. ఆ నవ్వు ఆమెకు అంతగా నచ్చలేదు. కానీ అడిగినవాటికి విసుక్కోకుండా జవాబులిచ్చాడు.

ఆమె భర్త రమీరో లారీ మీద ఎక్కడో ఉత్తరాన ఉన్నాడు. ఫోన్ చేసి సంగతి చెప్పింది.

"అవతలా? కోత కోయించుకోవడానికా? ఏమైనా అయితే?"

"ఏమీ కాదు. నేను చూసుకుంటాగా" అంది నొయెమీ.

ఆపరేషన్ బాగానే జరిగింది. రెండు రాత్రులు ఉంచుకుని, ఇక ఇంటికి తీసుకెళ్ళొచ్చన్నాడు లుహాన్. బయల్దేరేటప్పుడు బెనిల్దా అద్దంలో చూసుకుని పెదవులకు రంగు కూడా వేసుకుంది. నర్సుకు బుగ్గ మీద ముద్దిచ్చింది.

వంతెన ఎక్కేసరికి ఎండ మాడుస్తోంది. ముందు కనుచూపుమేరా కార్లు. ఏసీ వేస్తే ఇంజన్ వేడెక్కి ఆగిపోతుందని నొయెమీ అద్దాలు దించింది. అటూ ఇటూ కాంక్రీటు గోడలు. ఒకసారి వరుసలో పడ్డాక వెనక్కి తిప్పే దారి లేదు. బరీటో రొట్టెలమ్మేవాడూ, నీళ్ళ సీసాలమ్మేవాడూ కార్ల మధ్య తిరుగుతున్నారు. కాళ్ళు లేని మనిషి ఒకడు చక్రాల కుర్చీలో వచ్చి కిటికీ పక్కన చెయ్యి చాపాడు. నొయెమీ లేదన్నట్టు తల ఊపింది.

"చలేస్తోంది" అంది బెనిల్దా.

నొయెమీ సరిగ్గా విన్నానా అనుకుంది. "ఏమన్నారు?"

"చలి. ఆ అద్దం ఎత్తు."

చూస్తే అత్తగారి మొహం నిండా చెమట. పెదవుల రంగు కింద పెదవి తెల్లబడిపోయింది. చెయ్యి పట్టుకుంటే చల్లగా, తడిగా తగిలింది. రవిక ఎత్తి చూసింది. కట్టు మీద రక్తం లేదు. పొట్ట మాత్రం ఉబ్బి డప్పులా బిగిసిపోయి ఉంది. వేలు ఆనిస్తే బెనిల్దా మూలిగింది.

నొయెమీ డాక్టరుకు ఫోన్ చేసింది. మోగింది, ఆగిపోయింది. మళ్ళీ చేసింది. ఎత్తలేదు. ఆ నవ్వు మొహం గుర్తొచ్చింది. డబ్బు ముట్టింది, మనిషిని వదిలించుకున్నాడు, ఇక ఎందుకెత్తుతాడు అనిపించింది. క్లినిక్ నంబరుకు చేస్తే నర్సు ఎత్తింది.

"పొట్ట గట్టిగా ఉందా? చెమటలా?" నర్సు గొంతు మారిపోయింది. "లోపల రక్తం కారుతుండొచ్చు. పడుకోబెట్టండి. నీళ్ళు తాగించకండి. ఎక్కడున్నారు?"

"వంతెన మీద."

"అక్కడికి అంబులెన్సు రావడానికి వీల్లేదమ్మా. ఎటో ఒకవైపు మీరే దిగాలి."

నొయెమీ కారు దిగి నిలబడింది. ముందు వంతెన నడిమధ్యన అమెరికా అధికారులు కాగితాలు చూస్తున్నారు. అక్కడిదాకా పరిగెత్తి అరిస్తే వాళ్ళే అంబులెన్సు పిలుస్తారు. ఆ ఆసుపత్రి వాళ్ళు కాదనరు, అది ఆమెకు తెలుసు. ఆ తరువాత ఏమవుతుందో కూడా తెలుసు. ఆ బిల్లుకు ఇల్లు నిలబడదు. వెనక్కి వెళితే కోసిన డాక్టరున్నాడు. లోపల ఏం చేశాడో ఈ లోకంలో అతనొక్కడికే తెలుసు. కానీ ఫోనెత్తడం లేదు.

"అత్తయ్యా, ఎటు వెళదాం? అత్తయ్యా!"

బెనిల్దా కళ్ళు సగం తెరిచే ఉన్నాయి గానీ చూపు నిలవడం లేదు. ఏదో గొణిగింది. మాట కాలేదు.

ఆ క్షణంలో తను ఏమాలోచించిందో నొయెమీ తరువాత ఎన్నిసార్లు గుర్తు తెచ్చుకున్నా తేలలేదు. నోరు మాత్రం దానంతటదే అరిచింది. "వెనక్కి! ఎవరైనా సాయం పట్టండి! ఈమెను వెనక్కి దించాలి!"

వెనక పికప్ లోంచి మీసాల మనిషొకడు దిగి పరిగెత్తుకొచ్చాడు. బరీటోలమ్మేవాడు తన పెట్టె కింద పడేశాడు. ఇద్దరూ బెనిల్దాను సీటులోంచి ఎత్తబోయారు. ఆమె కేక పెట్టింది. అలా మోస్తే కుట్లు తెగిపోతాయని నొయెమీ వద్దు వద్దంది.

"నన్ను దించండి" అన్నాడు వెనక నుంచి ఎవరో.

చక్రాల కుర్చీలో మనిషి. "ఏం చూస్తున్నారు? నన్ను కింద పెట్టి ఆవిణ్ణి ఎక్కించండి. మీరొచ్చేదాకా నేనెక్కడికీ లేచి పోనులే."

అతణ్ణి చంకల కింద పట్టి గోడ నీడలో కూర్చోబెట్టారు. బెనిల్దాను కుర్చీలో వాల్చి దుప్పటితో కట్టారు. పికప్ మనిషి చెయ్యి చాపాడు. "కారు తాళాలివ్వు చెల్లీ. బండి ఇక్కడ వదిలేస్తే బాంబనుకుని వంతెన మూసేస్తారు. మాది మా ఆవిడ నడుపుతుంది, నీది నేను తెస్తాను. ఎల్ పాసో వైపు దిగగానే ఎడమచేతి పార్కింగ్‌లో ఉంటుంది." పేరు కూడా అడక్కుండా నొయెమీ తాళాలిచ్చేసింది.

కాలిబాట మీద ఎదురొస్తున్న జనం గోడకు అంటుకుని దారిచ్చారు. వంతెన దిగుడులో కుర్చీ చేతిలోంచి జారిపోబోతుంటే బరీటోల మనిషి ముందుకొచ్చి వీపు అడ్డం పెట్టి, వెనక్కి నడుస్తూ దించాడు. అడుగడుక్కీ బెనిల్దా తల పక్కకు ఒరిగిపోతోంది. "గ్వాదలూపే మరియ తల్లీ, కింద దాకా, కింద దాకా" అనుకుంటూ నొయెమీ ఆ తలను తన పొట్టకు ఆనించుకుని నడిచింది. వంతెన మొదట్లో టాక్సీ దొరికింది. కుర్చీని బరీటోల మనిషి పైకి తోసుకెళ్ళాడు.

క్లినిక్ గుమ్మంలోనే స్ట్రెచర్ సిద్ధంగా ఉంది. లుహాన్ ఇంకొకరి ఆపరేషన్‌లో ఉన్నాడనీ, ఫోన్ అందుకే ఎత్తలేదనీ, ఇప్పుడే చేతులు కడుక్కుంటున్నాడనీ నర్సు పరిగెడుతూ చెప్పింది. తలుపులు మూసుకున్నాయి.

నొయెమీ వసారాలో బెంచీ మీద కూర్చుంది. నర్సు బెనిల్దా చెవిపోగులు, మెడలో గొలుసు తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. అత్తయ్యకు ఏమైనా అయిందా, అందుకే ఇస్తున్నారా అని నర్సు మొహంలోకి చూసింది. ఆపరేషన్‌కు ముందు తీసేస్తారని నర్సే చెప్పింది. రక్తం సంచులు పట్టుకుని ఒకతను లోపలికి పోయాడు. రమీరో నుంచి ఫోన్ మోగుతోంది. ఇల్లు చేరారా అని అడగడానికి. ఆమె ఎత్తలేదు. ఎత్తితే ఏం చెప్పాలి? నీ తల్లిని చౌకగా బాగుచేయిద్దామని తీసుకొచ్చి చంపేశానని చెప్పాలా? వెనక్కి తిప్పింది డాక్టరు కోసమా, ఇల్లు పోతుందన్న భయానికా? ఇల్లే అయితే, ఆ మాట ఇక ఎవరితో అనగలదు?

లుహాన్ బయటికొచ్చినప్పుడు మొహంలో నవ్వు లేదు. గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"ఒక రక్తనాళానికి పెట్టిన క్లిప్పు జారిపోయింది. మళ్ళీ కట్టాను. నిలిచింది. పొద్దున ఇంకొక్క రోజు ఉండమని గట్టిగా చెప్పాల్సింది, చెప్పలేదు." తలకున్న టోపీ తీశాడు. "ఈ రాత్రి గడవాలి."

గడిచింది. రాత్రి నొయెమీ ఫోన్ చేసి చెప్పడంతో మర్నాడు మధ్యాహ్నానికి రమీరో వచ్చేశాడు. గడ్డం మాసి, లారీ ఎక్కడో వదిలేసి. తల్లి మంచం పక్కన నిలబడి ఆమె నుదురు నిమిరాడు. తరువాత భార్యవైపు తిరిగాడు.

"ముందుకెందుకు వెళ్ళలేదు నొయెమీ? అంత దగ్గరికొచ్చాక? నాకదొక్కటే చెప్పు."

నొయెమీ మంచం మీద దుప్పటి సరిచేయసాగింది.

"నేనే చెప్పాను" అంది బెనిల్దా కళ్ళు తెరవకుండా. "కోసినవాడి దగ్గరికే తీసుకెళ్ళమన్నాను. దాని మీద అరవకు. వెళ్ళి ఏమైనా తిను, శవంలా ఉన్నావు."

రమీరో తలవంచుకుని బయటికి వెళ్ళాడు. నొయెమీ మంచం అంచున కూర్చుంది.

"మీరు చెప్పలేదత్తయ్యా. అప్పటికి మీకు స్పృహ లేదు."

"ఉంటే అదే చెప్పేదాన్ని."

"ఏమో. నేను ఇంటి గురించి ఆలోచించానేమో."

బెనిల్దా కళ్ళు తెరిచి కోడలి వైపు చూసింది.

"నేను కూడా ఆలోచించాను, ఆపరేషన్‌కు ఒప్పుకునేటప్పుడు" అంది. "ఎవరాలోచించరు? ఇక ఆ మాట ఎత్తకు."

వారం తరువాత రమీరో నడుపుతుంటే ముగ్గురూ మళ్ళీ వంతెన ఎక్కారు. అంతకుముందే రమీరో ఎల్ పాసో వైపు వెళితే కారు ఆ మీసాల మనిషి చెప్పిన పార్కింగ్‌లోనే దొరికింది. తాళాలు టికెట్లిచ్చే కిటికీ దగ్గర వదిలి వెళ్ళాడు. పేరు అక్కడ కూడా చెప్పలేదట. ఎండ అలాగే ఉంది. కార్లు అలాగే ఆగి ఉన్నాయి. నొయెమీ వెనక సీట్లో అత్తగారి పక్కన కూర్చుని ఆమె మణికట్టు పట్టుకుంది. కారు కదిలినా, ఆగినా వదల్లేదు.

"బతికున్నానో లేదో చూస్తున్నావా?" అంది బెనిల్దా.

"అవును" అంది నొయెమీ. వేలి కింద నాడి కొట్టుకుంటోంది. అది ఆగిపోతుందేమోనని వంతెన దిగేదాకా ఆమె వేలు తీయలేదు.