చెవిలో చెప్పిన చోటు

హెస్టర్ వంటింటి తొట్టి దగ్గర నిలబడి, పాత పళ్ళబ్రష్షుతో రబ్బరు ముద్రలకు అంటిన సిరా తోముతోంది. బయట తండ్రి ఆంబ్రోస్ కారు అద్దం మీది మంచు గీకుతున్నాడు. వదిన మెరిన్ అప్పటికే ముందు సీట్లో కూర్చుంది. చిన్నప్పటి నుంచి ఆ సీటు హెస్టర్‌ది.

ఇంగ్లండులోని డార్ట్‌మూర్ కొండల్లో రాళ్ళ కింద ఎవరెవరో దాచిన డబ్బాలను వెతకడం ఆ ఇంటి చలికాలపు సరదా. డబ్బాలో ఒక ముద్ర, ఒక చిన్న పుస్తకం ఉంటాయి. దాని ముద్ర మన పుస్తకంలో, మన ముద్ర దాని పుస్తకంలో వేసి, డబ్బాను ముందున్నట్టే కప్పేసి రావాలి. చాలా డబ్బాల ఆనవాళ్ళు అచ్చులో దొరుకుతాయి. ఆంబ్రోస్ డబ్బా మాత్రం నోటిమాటది. దాచినవాడు తనంతట తాను చెప్పాల్సిందే. అడగడం సిగ్గుమాలిన పని. హెస్టర్ ఏనాడూ అడగలేదు. ఆయన మోకాళ్ళు ఇక కొండెక్కనివ్వవు, కనుక ఈ చలికాలం తనకే చెబుతాడనుకుంది.

దారిలో ఆగి ఆగి రెండు డబ్బాలు వెతికారు. రెండూ హెస్టర్‌కే దొరికాయి.

"నీది వేటకుక్క ముక్కే తల్లీ! మీ అన్నకైతే సొంత మేజోళ్ళు కూడా దొరకవు," అంది మెరిన్.

ఆంబ్రోస్ పకపకా నవ్వాడు. తన మాటకు ఆయన అలా నవ్వి ఎన్నాళ్ళయిందో హెస్టర్‌కు గుర్తు రాలేదు.

మూడోచోట, తన డబ్బా ఉన్న కొండ కింద, ఆయన కారు దిగి మెరిన్‌ను పక్కకు పిలిచాడు. వెనక సీటు అద్దంలోంచి హెస్టర్ చూసింది. తండ్రి నోటి ఆవిరి వదిన చెవి దగ్గర తెల్లగా లేస్తోంది. ఒక్కో మాటకూ ఒక్కో పొగ.

మెరిన్ పరుగున కొండెక్కి, పరుగున దిగి వచ్చింది.

"దొరికింది మావయ్యా! అమ్మో, వేళ్ళు ఊడిపోయేలా ఉన్నాయి!"

ఆమె వేళ్ళకు సిరా ఉంది. గోళ్ళు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. ఆంబ్రోస్ ఏ డబ్బా దాచినా రాయి అడ్డం పెట్టి, చుట్టూ తడిమట్టి మెత్తుతాడు. తెరవడానికి బూటుకాలు చాలు. మూయాలంటే చేతులు బురదలో పెట్టాలి.

హెస్టర్ ఆ గోళ్ళు చూసి, ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. ఇంటికొచ్చి అందరికీ టీ పోశాక అప్పుడు అడిగింది.

"వదినా, నీ గోళ్ళలో మట్టే లేదు. డబ్బా కప్పావా?"

మెరిన్ చేతిలోని బన్ను నోటిదాకా వెళ్ళి ఆగింది. "రాయి పెట్టానుగా! మట్టి కూడా పెట్టాలా? అయ్యో మావయ్యా..."

"మంచు పడేలా ఉంది. గొర్రె ఒక్క తన్ను తన్నిందంటే డబ్బా వాగులో ఉంటుంది," అంది హెస్టర్. "చోటు చెప్పు నాన్నా, నేను వెళ్ళి కప్పొస్తా."

అడగకూడనిది అడిగేసింది. ఆంబ్రోస్ టీ కప్పు కింద పెట్టాడు.

"గోళ్ళు ఎప్పుడు చూశావే?"

"కారెక్కేటప్పుడు."

"మరి అక్కడే చెప్పలేదేం?"

హెస్టర్ బన్నుల పళ్ళెం ఆయన వైపు జరిపింది.

"నేను వెళ్తా మావయ్యా, తప్పు నాది," అంటూ మెరిన్ లేచింది. ఆయన కూర్చోమని చెయ్యి ఊపాడు. గోడ పట్టుకుని, మోకాలు వంగనని మొరాయిస్తుంటే, ఇంకా ఆరని బూట్లు తొడుక్కున్నాడు. హెస్టర్ తన చేతి తొడుగులు అందించింది. ఆయన వాటి వైపు చూడలేదు. చేతికర్ర తీసుకుని, తలుపు తెరిచి, డబ్బా కప్పడానికి తానే కారు దగ్గరికి వెళ్ళిపోయాడు.