మూడు తప్పులు

మ్యూజియం మెట్ల దగ్గర అత్తాకోడళ్ళకు చెడింది. నిజానికి రైల్లోనే చెడింది, మెట్ల దగ్గర పైకి తేలింది, అంతే.

అత్తగారు ముప్పై నాలుగేళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. మనవరాళ్ళిద్దరికీ నగరం చూపించాలన్నది ఆవిడ పట్టు. చూడటమంటే ఊరికే చూడటం కాదు. ఇరవై ప్రశ్నలు చేత్తో రాసి, రెండు కాపీలు తీయించి, పరీక్ష అట్టలకు బిగించి మరీ తెచ్చింది. మొదటి ప్రశ్న: రెండో గదిలోని రాతిగుర్రానికి ఎన్ని కాళ్ళు నేలమీద ఆని ఉన్నాయి?

"పరీక్షలు అయ్యాయనే కదా అత్తయ్యా సెలవులిచ్చారు" అంది కోడలు.

"నోరెళ్ళబెట్టుకుని చూడటానికైతే సంతకు తీసుకెళ్ళొచ్చు. ఇంత దూరం దేనికి?"

పన్నెండేళ్ళ పెద్దది బుద్ధిగా జవాబులు రాసుకుంటూ పోయింది. తొమ్మిదేళ్ళ చిన్నది అట్టను చంకలో ఇరికించుకుంది, పెన్సిలు ముట్టుకోలేదు. వాళ్ళ నాన్న పోయి పదకొండు నెలలు. అప్పటినుంచి చిన్నది ఒక్క అక్షరం రాయలేదు. చదువుతుంది, అడిగితే గడగడా చెబుతుంది, కాగితం ముందు పెడితే మాత్రం చేతులు వెనక్కి దాచుకుంటుంది. బళ్ళో ఓపిక పట్టినన్నాళ్ళు పట్టారు. సెలవుల తర్వాత కూడా ఇదే వరసైతే పై తరగతికి పంపం అని చెప్పేశారు.

"అంతా నువ్విచ్చిన అలుసు" అంది అత్తగారు గుర్రం ముందు నిలబడి. "గట్టిగా కూర్చోబెడితే రాయక ఏం చేస్తుంది?"

"మీరు కూర్చోబెట్టారుగా. చూశాం."

"సూదులు పొడుచుకునేదానివి, చదువు సంగతి నీకెందుకులే."

కోడలు ఆసుపత్రి ల్యాబులో రక్తం తీస్తుంది. పిల్లల దగ్గర ఆమెది అందె వేసిన చెయ్యి. కిటుకు ఒకటే: సూది మాట ఎత్తదు. మీ ఇంట్లో పిల్లి ఉందా, రాత్రి ఎవరి పక్కన పడుకుంటుంది అని ఊసులోకి దించి, ఆ సందట్లో పని కానిచ్చేస్తుంది.

ఐదో గదిలో ఒక పెద్ద చిత్రపటం ఉంది. కుర్చీలో తల వాల్చి నిద్రపోతున్న మనిషి. ఒక కాలికి బూటుంది, రెండోది ఊడి నేలమీద పడింది. చిన్నది అక్కడ ఆగిపోయింది.

"పదకొండో ప్రశ్న ఇదే. ఏ రంగు ఎక్కువ వాడారు?" అంది అత్తగారు.

మిగిలినవాళ్ళు పక్క పటానికి వెళ్ళినా చిన్నది కదల్లేదు.

గది చివర బల్లమీద సందర్శకుల పుస్తకం, దానికి దారంతో కట్టిన పెన్ను ఉన్నాయి. కాసేపటికి కోడలు తల తిప్పేసరికి చిన్నది ఆ బల్ల దగ్గరుంది. పెన్ను దాని చేతిలో ఉంది.

అత్తగారు కూడా అటు తిరగబోతోంది. ఆవిడ చెయ్యి సంచీలో ఉంది. సంచీలో ఎర్ర పెన్ను ఉంటుంది. ఆ పొద్దునే హోటల్లో మెనూ కార్డు దిద్ది సర్వరు చేతికిచ్చిన మనిషి ఆవిడ.

ఆవిణ్ణి అటు తిరగనివ్వకూడదు. ఏదో ఒక ఊసు కావాలి. నోటికి అందింది ఒక్కటే.

"అత్తయ్యా, ఆ ఉత్తరం సంగతి ఇవాళ తేల్చుకోవాలి."

"ఏ ఉత్తరం?" ఆవిడ ఇటు తిరిగింది.

"ఆయన ఆసుపత్రిలో ఉంటే చిన్నది రాసింది. తీసుకెళ్తానంటే మీరు ఆపారు. ఎర్రసిరాతో దిద్ది, మళ్ళీ శుభ్రంగా రాయమన్నారు."

పోట్లాట కోసం ఎత్తుకున్న మాట. ఎత్తుకున్నాక తన చేతుల్లో లేకుండా పోయింది.

"అది సగం తిరగరాసేసరికి ఫోనొచ్చింది."

"నా కొడుక్కి తప్పుల కాగితం ఇవ్వమంటావా?"

"ఇవ్వాల్సింది. చదువుకునైనా పోయేవాడు."

పెద్దది అట్టమీంచి తలెత్తలేదు, రాయడమూ లేదు.

"ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకుని, నలుగురిలో కక్కుతావా?"

"ఇంట్లో అయితే మీరు తలుపేసుకుంటారు."

"తలుపేసుకుని ఏం చేస్తానో నీకేం తెలుసు? ఆ కాగితం నా దగ్గరే ఉంది. రోజూ చూస్తాను. నీ సూదులకంటే లోతుగానే దిగుతుంది."

కోడలి కళ్ళు ఒక్క క్షణం బల్లవైపు పోయాయి. కాపీ కొట్టే పిల్లల కళ్ళను ముప్పై నాలుగేళ్ళు కనిపెట్టినావిడకు ఆ క్షణం చాలు. చరచరా అటు నడిచింది. కోడలు మోచెయ్యి పట్టుకుంటే విదిలించుకుంది. చిన్నదాని వెనక నిలబడి, తలమీదుగా చదివింది.

"కుర్చిలో నిద్దరపోయే ఆయన్ని లేపకండి. మా నాన్న కూడ ఇలాగే పడుకునేవాడు. బూటు"

చిన్నది ఇంకా రాస్తోంది.

"మూడు తప్పులు" అంది అత్తగారు, కోడలికి మాత్రమే వినపడేలా.

"ముట్టుకున్నారంటే ఊరుకోను."

"నీ బెదిరింపులు నా దగ్గర కాదు."

అన్నదే కాని, సంచీలో చెయ్యి సంచీలోనే ఉండిపోయింది.

ఇంతలో కాపలా మనిషి వచ్చాడు. "టైమైపోయిందమ్మా, పుస్తకం లోపల పెట్టెయ్యాలి" అంటూ చెయ్యి చాచాడు.

అత్తగారు అతనికీ బల్లకీ మధ్యకు వచ్చింది. "పిల్ల రాస్తోంది. కనపడటం లేదూ?"

"గేటు వేసేస్తారండీ."

"వేసుకోమను. తీసినప్పుడే పోతాం."

కోడలు వచ్చి రెండోవైపు నిలబడింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. చిన్నది పేజీ చివరిదాకా రాసి, కాగితం తిప్పింది.