బుధవారం నాటి పేజీ

మంగళవారం పదకొండు గంటలప్పుడు రాంఫల్ కుడిచేతి మూడు వేళ్లు రేకు కోసే పవర్ ప్రెస్సు కింద పోయాయి. పక్క ప్రెస్సు మీద పనిచేస్తున్న బాబురావు కళ్లారా చూశాడు. కేక వినిపించలేదు. ఆ మోతలో ఎవరి కేకా వినిపించదు. రాంఫల్ నోరు తెరుచుకుని ఉంది, రేకు ముక్క ఎర్రబడింది, అంతే కనిపించింది. ఫోర్‌మన్ బత్రా పరిగెత్తుకొచ్చాడు. వచ్చినవాడు రాంఫల్ చెయ్యి పట్టుకోలేదు. మిషను కుడి బటన్ మీద అతికించి ఉన్న నల్ల టేపు పీకి, ఉండచుట్టి జేబులో వేసుకున్నాడు. ఆ తర్వాతే బండి తెమ్మని అరిచాడు.

ప్రెస్సుకు రెండు బటన్లు ఉంటాయి. రెండు చేతులతో రెండూ ఒకేసారి నొక్కితేగాని పైనున్న దిమ్మ కిందికి దిగదు. చేతులు బటన్ల మీద ఉంటే వేళ్లు దిమ్మ కింద ఉండవు గదా! అందుకే అలా చేశారు. కానీ అలా నొక్కితే గంటకు నాలుగువందల ముక్కలే వస్తాయి. ఒక బటన్‌ను టేపుతో నొక్కిపెట్టేసి, ఒక చేత్తో రెండోది నొక్కుతూ, మరో చేత్తో రేకు అందిస్తూ పోతే ఏడువందలు దాటతాయి. ఆ మూడువందల ముక్కల కోసం కంపెనీ టేపు కొన్నది.

అవి ఎమర్జెన్సీ రోజులు. ఫరీదాబాద్‌లో ఏ గోడ చూసినా సర్కారు ప్రకటించిన ఇరవై సూత్రాల కార్యక్రమమే. కుర్రవాళ్లకు అప్రెంటిస్ శిక్షణ ఇప్పించడం కూడా అందులో ఒక సూత్రం. ఊళ్లోని కాలేజీ ముప్పైమందిని ఎంచి, వాళ్ల అసలు సర్టిఫికెట్లు తన బీరువాలో పెట్టి తాళం వేసుకుని, ఈ కంపెనీకి పంపింది. మూడేళ్ల ఒప్పందం. మధ్యలో మానేస్తే జామీను సంతకం పెట్టిన తల్లిదండ్రుల మెడకు చుట్టుకుంటుంది. కాలేజీకి వెళ్లి మొరపెట్టుకుంటే, మీరిప్పుడు కంపెనీ మనుషులు అంటారు. యూనియన్‌కు వెళితే, చట్టం ప్రకారం మీరు కార్మికులు కారు, విద్యార్థులు అంటారు. ఎటు తిరిగినా గోడే! లేతు మిషను మీద ఇనుము తరిమే పని నేర్పుతామని తెచ్చి మొదటి వారమే ప్రెస్సుల దగ్గర నిలబెట్టారు. ఏడాదిన్నర అయింది, బాబురావు లేతు మీద చెయ్యి పెట్టలేదు.

గురువారం అతన్ని ఆఫీసులోకి పిలిచారు. కాలేజీ నుంచి ట్రైనింగు ఆఫీసరు కూడా వచ్చి కూర్చున్నాడు. బల్ల మీద రాంఫల్ డైరీ ఉంది. ప్రతి అప్రెంటిసూ రోజువారీ నేర్చుకున్న పని రాసే పుస్తకం అది. అది నిండితేనే చివరి పరీక్షకు రానిస్తారు.

"చదువు," అన్నాడు బత్రా, మంగళవారం పేజీ మీద వేలు పెట్టి.

'బెంచి మీద ఆకురాయి పని నేర్చుకున్నాను' అని ఉంది. రాంఫల్ చేతిరాతే.

"చూశావుగా? బెంచి దగ్గర ఉండాల్సినవాడు చెప్పకుండా ప్రెస్సు మీదికి పోయాడు. నిబంధన మీరినవాడికి నష్టపరిహారం ఉండదు. నువ్వు చూశావు కాబట్టి ఈ కాగితం మీద సంతకం పెట్టు. శనివారం క్లాసులో మిగతావాళ్లూ పెడతారు."

"సాబ్, మీరే కదా ప్రెస్సు మీద..."

ట్రైనింగు ఆఫీసరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "బేటా, నీ సర్టిఫికెట్లు నా బీరువాలో ఉన్నాయి. మీ అమ్మ ప్రభుత్వ నర్సు. రోజులు ఎలాంటివో తెలుసుగా? శనివారం దాకా ఆలోచించుకో."

బాబురావు ఇంటికి వచ్చి తల్లి ముందు కూలబడ్డాడు. మార్త తెనాలి పక్కనుంచి భర్త పోయాక ఒక్కతే ఢిల్లీ పక్కనున్న ఈ ఊరు వచ్చి, సర్కారు ఆస్పత్రి డ్యూటీల మీద కొడుకును పెంచుకున్న మనిషి. ఎవరికీ భయపడదని ఆవిడకు పేరు. కానీ ఆ రోజు భయపడింది.

"పెట్టెయ్‌రా సంతకం. ఇప్పుడు అరెస్టు చేస్తే అడిగే నాథుడు లేడు. నా ఉద్యోగం పోతే ఈ క్వార్టరు కూడా ఉండదు. ప్రభువు చూసుకుంటాడు ఆ పిల్లోణ్ణి."

"ప్రభువుతో నష్టపరిహారం ఇప్పిస్తావా అమ్మా?"

మార్త చెయ్యెత్తింది, కొట్టలేక దించింది. "ఏదీ, నీ డైరీ తీసుకురా. అందులో ఏం రాసి చచ్చావో చూస్తాను," అంది.

హిందీ కూడబలుక్కుంటూ చదివింది. ఒక పేజీ తిప్పింది. ఇంకో పేజీ తిప్పింది. నొసలు ముడిపడింది.

"ఇవాళ గురువారం కదరా? రేపటిదీ ఎల్లుండిదీ అప్పుడే రాసేశావేంది?"

"ముందే రాయిస్తారమ్మా. శనివారం శనివారం బత్రా నల్లబల్ల మీద వచ్చే వారం పాఠాలన్నీ రాస్తాడు. మేం చూసి ఎక్కిస్తాం. అప్పుడే సంతకాలు గీకేసి ఇంటికి పోతాడు. మొదటి రోజు నుంచీ అంతే."

అది వాళ్లు చేసిన తప్పు. రేపు ఏం నేర్చుకుంటామో ఇవాళే తమ చేత్తో రాసిచ్చారు. పనికిరాని కాగితమే కదా అనుకున్నారు. కాగితం ఎప్పుడూ పనికిరాకుండా పోదు, ఎవరో ఒకరికి పనికొస్తుంది.

మార్త డైరీ మూసి అలాగే పట్టుకుని కూర్చుంది. "అయితే రాంఫల్ పుస్తకంలో కూడా బుధవారం ఉంటదా?"

"ఉంటది. శనివారం దాకా ఉంటది. కింద బత్రా సంతకం కూడా."

"ఆ చేతికి కట్టు కట్టింది నేనేరా! మంగళవారం పన్నెండు గంటలకి. రిజిస్టర్లో నా చేత్తో ఎక్కించాను. కుడిచెయ్యి. వేళ్లు లేనోడు బుధవారం నాడు పేజీ ఎట్టా రాశాడని అడుగు. ఆ సచ్చినోణ్ణి అడుగు!" భయం పోలేదు, కానీ కోపం దాన్ని దాటి వచ్చింది. "సంతకం పెట్టమాకు."

శుక్రవారం మధ్యాహ్నం గేటు బయట టీ కొట్ల దగ్గర బుధవారం పేజీ గురించి, సంతకం పెట్టకపోవడం గురించి అప్రెంటిసులు మాట్లాడుకున్నారు. ఐదుగురు కూడితే నేరం కాబట్టి నలుగురు నలుగురుగా నిలబడ్డారు. ఒక కొట్టు దగ్గర అన్న మాట గ్లాసు చేతపట్టుకుని ఇంకో కొట్టుకు నడిచింది. నల్లగొండ నుంచి వచ్చిన కట్టడం కూలీ కొడుకు అంకయ్య మాత్రం ఒప్పుకోలేదు.

"నీకేంది, మీ అమ్మ నర్సు. మా నాయిన ఇటుకలు మోస్తుండు. సంతకం పెట్టకుంటే సర్టిఫికెట్ ఎట్లొస్తది? మూడేండ్లు గంగల కలుస్తయ్."

"రేపు నీ చెయ్యి పోతే నీ డైరీ ఏం చెప్తది అంకయ్యా?" అని అడిగాడు బాబురావు.

అంకయ్య తన చేతి వైపు చూసుకోలేదు. గ్లాసు వైపు చూశాడు. టీ చల్లారిపోయింది.

పర్మనెంటు ప్రెస్సు ఆపరేటరు కనకయ్య పక్కన బీడీ కాలుస్తూ అంతా విన్నాడు. విజయనగరం మనిషి, పదేళ్లుగా ఆ ప్రెస్సు షాపులోనే పనిచేస్తున్నాడు. "పుస్తకం వోళ్ల సేతిలో ఉన్నంతకాలం మీ మాట సెల్లదు. సింపేత్తారు. అది నాకిప్పించండి, మీ అమ్మకాడికి సేరుత్తాను. నేనడిగితే యూనియన్ లాయరు కేసేత్తాడు. స్ట్రైకు సెయ్యనేం గానీ కోర్టుకెల్లొద్దని ఎవుడూ అన్నేదు గదా!"

శనివారం క్లాసు. ఇరవైతొమ్మిదిమంది బల్లల ముందు కూర్చున్నారు. ఈ ఊళ్లో అంతమంది ఒక్కచోట కూర్చోవడానికి సర్కారు అనుమతించిన చోటు అదొక్కటే. బత్రా నల్లబల్ల మీద వచ్చే వారం పాఠాలు రాశాడు. ట్రైనింగు ఆఫీసరు కాగితం తెచ్చి మొదటి బల్ల మీద పెట్టాడు. మొదటి బల్ల బాబురావుది. లేచి నిలబడ్డాడు.

"సంతకం పెట్టే ముందు రాంఫల్ డైరీ ఒకసారి చదివి వినిపిస్తాను సాబ్."

ఆఫీసరుకు అందులో తప్పేమీ కనిపించలేదు. ఇచ్చాడు. బాబురావు మంగళవారం చదివాడు. బత్రా తల ఊపాడు. బాబురావు పేజీ తిప్పాడు.

"బుధవారం. డ్రిల్లింగు నేర్చుకున్నాను. గురువారం. డ్రిల్లు బిట్ సానపట్టడం నేర్చుకున్నాను. శుక్రవారం..."

గదిలో ఎవరో నవ్వారు. భరించలేక వచ్చిన నవ్వు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

"ఏ చేత్తో రాశాడు సాబ్?" అన్నాడు బాబురావు.

బత్రా పుస్తకం మీదికి దూకాడు. అప్పటికే అది బాబురావు చేతిలో లేదు. రెండో బల్లకు వెళ్లింది, మూడో బల్లకు వెళ్లింది, బల్లల కింద నుంచి కిటికీ వైపు పోయింది. కిటికీ పక్కన కూర్చున్నది అంకయ్య. పుస్తకం అతని ఒళ్లో పడింది. అంకయ్య బత్రా కళ్లలోకి చూస్తూ చెయ్యి వెనక్కి పెట్టి, పుస్తకాన్ని కిటికీలోంచి జారవిడిచాడు. బయట కనకయ్య తువ్వాలు పరిచి ఉంచాడు.

"తలుపులు మూయండి! పోలీసుల్ని పిలవండి!" అని అరిచాడు బత్రా.

పావుగంటలో పోలీసులు వచ్చారు. ఐదుగురు కూడకూడదన్న నిషేధం మీరారని నేరం మోపారు. "సాబ్, ఇది మా క్లాసు," అన్నాడు ఎవడో. ఇన్‌స్పెక్టరు కాగితం ముందుకు తోసి, సంతకం పెట్టినవాళ్లు ఇంటికి పోవచ్చన్నాడు. ఎవరూ కలం తీయలేదు. ట్రైనింగు ఆఫీసరు పేరు పేరునా పిలిచి, నీ పరీక్ష పోయినట్టే, నీ పరీక్ష పోయినట్టే అంటూ వరసంతా నడిచాడు. చివర అంకయ్య దగ్గరికి వచ్చాడు. అంకయ్య లేచి నల్లబల్ల దగ్గరికి వెళ్లి, వచ్చే వారం పాఠాలు తడిగుడ్డతో తుడిచేశాడు. తిరిగి వచ్చి డైరీ తెరిచి, ముందే రాసి ఉన్న శనివారం పాఠం కొట్టేసి, గట్టిగా పైకి చదువుతూ రాశాడు: "శనివారం. ఏడాదిన్నరగా ప్రెస్సు మీదనే పని చేస్తున్న. కుడి బటన్‌కు టేపు ఉంది." మిగతావాళ్లూ తలలు వంచి రాయడం మొదలుపెట్టారు.

మొదట లేచినవాడని బాబురావు ఒక్కడి చేతులకు సంకెళ్లు వేసి ప్రెస్సు షాపు మధ్యలోంచి నడిపించారు. అమ్మ జామీను సంతకం, క్వార్టరు, బీరువాలోని సర్టిఫికెట్లు అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చి కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకోలేదు. షాపులోని కార్మికులందరూ అతన్నే చూస్తున్నారు. పుస్తకం చుట్టిన తువ్వాలు ఎక్కడ దాచాడో గానీ కనకయ్య తన మిషను దగ్గరే ఉన్నాడు. పోలీసులు చూస్తుండగానే కుడి బటన్ మీది టేపును చర్రున పీకి కింద పడేశాడు. రెండు చేతులూ రెండు బటన్ల మీద పెట్టాడు. పక్క మిషను మీద ఇంకొకడు పీకాడు. ఆ వరసంతా పీకారు.

"స్ట్రైకా? స్ట్రైకు చేస్తున్నారా?" బత్రా గొంతు కీచుమంది.

"స్ట్రైకేటి బాబూ? పని సేత్తన్నాం గదా," అన్నాడు కనకయ్య. "గోడ మీద రూలు రాసుంది, సూడండి. రెండు సేతులూ బటన్ల మీదే ఉన్నాయి. ఏ సేతిని అరెస్టు సేత్తారు?"

బాబురావును జీపు ఎక్కించారు. జీపు కదిలి గేటు దాటుతుండగా షాపులోంచి మోత వినిపించింది. రోజూ ఊపిరాడకుండా దంచే మోత కాదది. ఒక దెబ్బ పడుతోంది. ఆగుతోంది. మనిషి రేకు పెట్టి, చేతులు వెనక్కి తెచ్చుకుని, రెండూ బటన్ల మీద పెట్టేదాకా ఆగుతోంది. ఇంకో దెబ్బ పడుతోంది.

పక్కన కూర్చున్న హవల్దారు చెవి పెట్టి విన్నాడు. "ఏమైంది? మిషన్లు చెడిపోయాయా?"

"లేదు సాబ్," అన్నాడు బాబురావు. "ఇవాళే బాగుపడ్డాయి."