ఆరోగ్యవంతుల గుంపు

పొద్దున్న ఇంట్లోంచి బయటపడేలోగా చేయవలసినవి: మామగారికి పాలు వెచ్చబెట్టి, పరగడుపు మాత్ర ఆయన అరచేతిలో పెట్టాలి. నలుగురికి వంట చేయాలి, రెండు డబ్బాలు సర్దాలి. నానబెట్టిన బట్టలు పిండి ఆరేయాలి. భర్త చొక్కా ఇస్త్రీ చేయాలి. నిన్న కాలరు సరిగా నిలబడలేదని ఆయన అన్నది గుర్తుపెట్టుకుని మరీ చేయాలి. అత్తగారి మోకాళ్ళకు నూనె రాయాలి. అందరూ వెళ్ళొచ్చాక, నీళ్ళు మిగిలితే, తాను బాత్రూంలోకి వెళ్ళాలి. ఎడమవైపు వీపు కింద పొడుస్తున్న నొప్పి సంగతి ఎవరికైనా చెప్పాలి.

ఆ చివరి పని రోజూ రేపటికి వాయిదా పడుతోంది. అసలు చెప్పనేలేదని కాదు. ఒకసారి చెప్పింది.

"ఏడో నెలలో నడుం నొప్పి రాకపోతే అది వింతమ్మా," అంది అత్తగారు. "నాకు ముగ్గురికీ వచ్చింది. ఒక్కరికి చెప్పానా?"

"ఆస్పత్రిలో పనిచేసేదానివి. నువ్వే మాకు చెప్పాలి గానీ, మమ్మల్ని అడుగుతావేంటి?" అని భర్త నవ్వాడు. ఆ నవ్వులో చెడ్డతనం లేదు. ఉన్నా బాగుండేది, కసిదీరా తిట్టుకుని ఊరుకునేది.

రాత్రిళ్ళు ఆమె లేచిన ప్రతిసారీ మంచం కిర్రుమనేది. "మళ్ళీనా? పొద్దున్నే నాకు ఆఫీసుంది," అనేవాడు. ఆమెకూ ఆఫీసుందన్న సంగతి ఆ చీకట్లో ఇద్దరికీ తట్టేది కాదు. అందుకని నీళ్ళు తాగడం తగ్గించింది. తాగకపోతే లేవక్కర్లేదు, లేవకపోతే మాట పడక్కర్లేదు. పనిచేసే చోటా అంతే. ఆడవాళ్ళ మరుగుదొడ్డి రెండంతస్తుల కింద ఉంది, మిషను నడుస్తుండగా వదిలి వెళితే "ఎక్కడికి పోయింది ఈ పిల్ల?" అని పదిమందిలో అడుగుతారు. చివరికి మూత్రం ఆపుకోవడం కూడా ఆమె చేసే పనుల్లో ఒకటైపోయింది. జీతం లేనిది, ఎవరికీ కనపడనిది, ఒక్క రోజైనా సెలవు లేనిది. తమ వంశంలో డిగ్రీ పట్టా చూసిన మొదటి మనిషి తాను. ఉద్యోగంలో చేరిన రోజు తండ్రి, "చదువుకున్నదానివి, ఎక్కడా మాట రానీయకు తల్లీ," అన్నాడు. ఆ మాటను ఆమె మరీ నెత్తిన పెట్టుకుంది.

ఉద్యోగం ఒక పెద్దాస్పత్రిలోని పరిశోధన లాబ్‌లో. కడుపుతో ఉన్న ఆడవాళ్ళకు కిడ్నీలో ఇన్ఫెక్షన్ సోకి చలిజ్వరం వస్తే, వాళ్ళ రక్తనాళాల లోపలి పొర ఎంత దెబ్బతింటుందో కనిపెట్టే పరిశోధన అది. గోడ పెచ్చులూడితే నేలమీద సున్నం రాలినట్టు, ఆ పొర దెబ్బతిన్నప్పుడు కొన్ని పదార్థాలు రక్తంలోకి వచ్చి చేరతాయి. ఆ రాలినదాన్ని కొలవడం ఆమె పని. జబ్బుపడ్డ గర్భిణుల రక్తం ఒక గుంపు. పోల్చి చూడ్డానికి ఏ జబ్బూ లేని గర్భిణుల రక్తం ఇంకో గుంపు. జబ్బుపడ్డవాళ్ళకు కొదవ లేదు. ఆరోగ్యవంతుల గుంపుకే ఒకరు తక్కువయ్యారు.

లాబ్‌కు పెద్ద ఒక డాక్టరు మేడం. నొప్పులు మొదలయ్యేదాకా మైక్రోస్కోపు ముందే కూర్చున్నానని కొత్తగా చేరిన ప్రతి ఆడపిల్లకూ చెప్పే మనిషి. ఆవిడ చూపు ఒకరోజు ఆమె పొట్టమీద పడింది.

"చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది మన పని! నువ్వున్నావుగా. చెయ్యి చాపు."

రక్తం తీసేముందు ప్రశ్నలు అడగాలి. రోజూ అందరినీ అడిగేది తానే కాబట్టి ఆ ప్రశ్నలు ఆమెకు కంఠతా వచ్చు. మూత్రానికి వెళ్తే మంటగా ఉంటుందా? నడుం పక్కన నొప్పి ఉందా? చలిపుట్టి వణుకు వస్తోందా? మేడం అన్నిటినీ ఒకటిగా కుదించేసింది.

"నీకేం లేవుగా?"

జవాబును కూడా చంకనెత్తుకొచ్చిన ప్రశ్న అది. లాబ్ అంతా చూస్తోంది. "లేవు మేడం," అంది ఆమె. నిజానికి ఆ ప్రశ్నల్లో ఉన్నవన్నీ ఆమె ఒంట్లో ఉన్నాయి.

రక్తం తీసిన నర్సు, "ఒళ్ళు కాలుతోందేంటమ్మా?" అంది.

"ఎండనపడి వచ్చాను."

తన రక్తాన్ని తానే మిషనులో పెట్టింది. తెర మీద మిగతా ఆరోగ్యవంతుల అంకెలు కాస్త అటూ ఇటుగా ఒకే వరసలో కూర్చున్నాయి. ఒక్క అంకె మాత్రం జబ్బుపడ్డవాళ్ళను కూడా దాటిపోయింది.

"ఎవరిదిది? ట్యూబు మారిందేమో చూడు," అంది మేడం.

"మారలేదు మేడం. నాదే."

"జ్వరం ఉందా నీకు?"

"కొంచెం."

"ముందే చెప్పొద్దూ! ఇప్పుడు నీ బదులు ఇంకొకర్ని ఎక్కణ్ణుంచి తేను? తీసెయ్ దాన్ని. గుంపంతా పాడైపోతుంది."

ఆమె తీసేసింది. అందుకు ఒక్క వేలు చాలింది. ముందు ఆ వేలు వణికింది, తర్వాత చెయ్యి, తర్వాత పళ్ళు టకటకమన్నాయి. నేల తుడుస్తున్న ఆయా చూసి, "అమ్మో, ఈ పిల్ల వణికిపోతోంది!" అని కేకేసి, ఎవర్నీ అడక్కుండా చక్రాల కుర్చీ తెచ్చి కింది వార్డుకు తోసుకుపోయింది.

వార్డు డాక్టరు పరీక్ష చేసి, సెలైనులో మందు ఎక్కిస్తూ చెప్పింది: "రెండు కిడ్నీలకూ పాకింది. బిడ్డ గుండె చప్పుడు ఇప్పటికైతే వినిపిస్తోంది. జ్వరం దిగాలి. దిగేదాకా నేను మాటివ్వలేను."

భర్త పరిగెత్తుకొచ్చాడు. "ఇంత జరుగుతుంటే ఒక్క మాట చెప్పలేదేంటి?" అని నిజంగానే ఆశ్చర్యపోయాడు. కాసేపు కాళ్ళ దగ్గర కూర్చుని, "నాన్న మాత్రలు ఎక్కడ పెట్టావు?" అని అడిగాడు.

మర్నాడు అత్తగారు వచ్చింది. సెలైను బొట్ల వంక చూస్తూ కూర్చుంది.

"నాకూ ఇలాగే వణుకొచ్చింది. రెండో కాన్పప్పుడు," అంది ఉన్నట్టుండి. "ముగ్గురన్నాను కదా. నీకు తెలిసింది నీ మొగుడూ, నీ ఆడపడుచూ. మధ్యది నిలవలేదు. పొయ్యి దగ్గర చలి కాచుకుంటూ కూర్చుంటే వంట చేస్తున్నాననుకున్నారు."

"ఎవరికీ చెప్పలేదా అత్తయ్యా?"

"ఎవరడిగారు?"

ఆవిడ గొంతులో ఏడుపు లేదు, జాలి లేదు. లేచి సంచి భుజాన వేసుకుంది. "తొందరగా కోలుకో. అక్కడ గిన్నెలు గుట్టపడ్డాయి," అని వెళ్ళిపోయింది.

ఎవరడిగారు? ఆమె కళ్ళు మూసుకుంటే చాలు, తాను అడిగిన ఆడవాళ్ళంతా వరసగా కనపడ్డారు. ఒకరి పక్కన అత్త, ఒకరి పక్కన మొగుడు. ప్రశ్న వినగానే ముందు పక్కకు చూసి, తర్వాత "ఏం లేవండీ" అనేవాళ్ళు. తాను మేడంతో అన్నట్టే.

జ్వరం ఇంకా పూర్తిగా దిగకముందే మేడం పళ్ళ సంచీ, కొన్ని ఫోన్ నంబర్లూ పట్టుకుని వచ్చింది. "రక్తం ఇస్తామని ఒప్పుకున్నవాళ్ళు వీళ్ళు. పడుకునే మాట్లాడొచ్చుగా? ఒక్కరు చాలు. ఒక్క ఆరోగ్యవంతురాలు."

ఆమె ఫోన్ తీసుకుంది. కానీ మొదటి ప్రశ్న మార్చేసింది.

"మీ పక్కన ఎవరైనా ఉన్నారా?"

"మా అత్తగారు... ఉండండి, మేడ మీదకెళ్తా." మెట్లెక్కిన ఆయాసం. "ఇప్పుడు చెప్పండి. మంటా? ఎందుకు లేదండీ! మా షాపులో మధ్యాహ్నం దాకా బాత్రూంకి వెళ్ళనివ్వరు."

ఇంకొకావిడ బడిలో టీచరు. "దీన్ని కూడా జబ్బంటే మా ఇంట్లో పడీ పడీ నవ్వుతారండీ," అని తానే ముందు నవ్వింది. నవ్వు సగంలో ఆగిపోయింది. "చలి మాత్రం బాగా పుడుతోంది."

"రేపే రండి. పరిశోధనకు కాదు, మీ కోసం. ఒక్కరే రండి," అని ఇద్దరికీ చెప్పింది ఆమె.

సాయంత్రం మేడం, "దొరికిందా?" అంది.

"లేదు మేడం. అందరూ జబ్బు గుంపులోకే వస్తున్నారు."

"నువ్వు మరీ గుచ్చి గుచ్చి అడుగుతున్నావు."

"అడగాల్సినట్టు అడుగుతున్నాను మేడం."

ఉద్యోగంలో చేరాక ఆమె ఎదురుచెప్పడం అదే మొదలు. ఇకమీదట ఇలాగే అడుగుతానని, ఉద్యోగం ఉన్నా ఊడినా ఇలాగే అడుగుతానని అప్పుడే అనుకుంది.

చివరి నంబరుకు చేస్తే మగగొంతు పలికింది. "ఆవిడకేం జబ్బుల్లేవండీ. శుభ్రంగా ఉంది. రాసుకోండి."

"ఒక్కసారి ఆవిడతో మాట్లాడొచ్చా?"

"పనిలో ఉంది. ఏం కావాలో నన్నడగండి, చెప్తాగా."

వెనక కుళాయి చప్పుడు, గిన్నెల చప్పుడు. ఉన్నట్టుండి అవి ఆగాయి. "ఎవరండీ?" అంది ఒక సన్నని గొంతు.

"నీకు కాదులే," అన్నాడతను. ఫోన్ పెట్టేశాడు.

మేడం మనిషిని పంపి ఆ ఇంటినుంచే రక్తం తెప్పించింది. ప్రశ్నలన్నిటికీ అతనే జవాబు చెప్పాడట. ఆ రక్తం మిషను ఎక్కకముందే ఆరోగ్యవంతుల గుంపు నిండిందని రాసుకున్నారు. ఆమె మంచం మీదనుంచి రోజూ ఆ నంబరుకు చేస్తూనే ఉంది. ఎప్పుడూ అతనే ఎత్తుతాడు.

మన ఆమెకు జ్వరం దిగింది, బిడ్డ దక్కింది. ఇక ఆమె గురించి దిగులు పెట్టుకోకండి. "ఎవరండీ?" అన్న ఆ గొంతును మాత్రం గుర్తుపెట్టుకోండి. ఆవిడ నోటినుంచి ఆ ఒక్క మాట తప్ప ఇంకేదీ ఎవరూ వినలేదు.