మనిషెక్కాకే చైను

కిందటేడు మార్చి పదకొండో తేదీ పొద్దున్న నేను రెండు బ్రెడ్డు ముక్కలు, ఒక ఉడికించిన గుడ్డు తిన్నాను. గుడ్డు సరిగ్గా ఉడకలేదు. మా ఆవిడ పోయిన ఈ మూడేళ్లలో ఆ ఒక్క విద్యా నాకు పట్టుబడలేదు. అయినా ఉప్పు చల్లుకుని ఇష్టంగానే తింటున్నాను, ఉత్తరం వచ్చింది.

రవాణా ఆఫీసు వాళ్లది. మా ఆవిడ మోటారుసైకిలుకి నలభై ఏళ్లు దాటాయట. శుక్రవారం సాయంత్రం ఐదింటిలోగా తనిఖీలో నెగ్గాలట. నెగ్గకపోతే నంబరు రద్దు. ఇక ఆ బండి ఎప్పటికీ రోడ్డెక్కడానికి వీల్లేదు.

అవును, బండి ఆవిడదే. నడిపేది ఆవిడ, వెనకాల కూర్చునేది నేను. పెళ్లయిన కొత్తలో ఒకసారి నేను నడుపుతానని ముందుకెక్కితే, అది మా ఇద్దర్నీ తిన్నగా తీసుకెళ్లి గోడకి అప్పగించింది. ఆ తరవాత ముప్పై మూడేళ్లు ఆవిడ భుజం మీదుగానే లోకాన్ని చూశాను. అదేమీ తక్కువ భాగ్యం కాదు.

ఆవిడ నడపడం నేర్పిన ఒకే ఒక్క శిష్యురాలు మా కోడలు. పళ్ల డాక్టరు దగ్గర పనిచేస్తుంది. ఉత్తరం రెండుసార్లు చదివి మడిచి జేబులో పెట్టుకుంది.

"అత్తయ్య బండిని షెడ్డులో బొమ్మలా నిలబెట్టి దుమ్ము దులుపుతూ కూర్చోవడం నా వల్ల కాదు మావయ్యా. నెగ్గి తీరాలి."

"ఇవాళ మంగళవారం" అన్నాను.

"మరింకేం, బోలెడు టైముంది."

ఎనిమిదో తన్నుకి ఇంజను పలికింది. బ్రేకులు బాగున్నాయి. దీపం వెలిగింది. కోడలు వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, చైనుని వేలితో వెనక్కి లాగింది. పళ్ల చక్రం మీద పన్ను సగం దాకా బయటపడింది.

"చిగుళ్లు జారిపోయాయి" అంది.

"పళ్లో?"

"గట్టివే. ఒక్కటీ వంకర తిరగలేదు. చైనే సాగిపోయింది, మార్చాలి."

నాలుగు వీధుల అవతల విడిభాగాల కొట్టుంది. కొట్టాయనని అందరూ గొలుసుల బాబాయి అంటారు. గోడ నిండా మేకులు, మేకుల నిండా చైనులు. కోడలి చూపు లోపలికి అడుగుపెట్టగానే బంగారు రంగు చైను మీద పడింది.

"అదివ్వండి బాబాయ్."

"నగల షాపనుకున్నావా తల్లీ? ముందు బండేదో చెప్పు."

చెప్పాం. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"దీంట్లో లింకు లింకుకీ రబ్బరు రింగులుంటాయి. గ్రీజు లోపలే ఉండిపోతుంది, నువ్వు మర్చిపోయినా అది ఏమీ అనదు. కానీ వెడల్పెక్కువ. మీ బండికి చైను మీద రేకు తొడుగుంది కదా, దాన్ని గీరుకుంటూ తిరుగుతుంది. నెలలో రేకుకి చిల్లు." బల్ల కింద నుంచి నూనె కాగితంలో చుట్టిన బూడిదరంగు చైను తీశాడు. "మీకు పట్టేది ఇదీ. రింగుల్లేని మామూలుది. అయితే దీనికి సేవ చెయ్యాలి. మూడొందల కిలోమీటర్లకోసారి కడిగి నూనె పెట్టాలి. ఒళ్లొంచే వాళ్లకే ఇస్తాను."

"నేను ఒంచుతాను."

"మరి సారో?"

"నేను పక్కనుండి చూస్తాను" అన్నాను.

"అదీ పనే లెండి. సరే, పాతదాని పక్కన పెట్టి కొత్తది కోసుకోకండి, పాతది సాగి ఉంది. లింకులు లెక్కపెట్టండి."

కొట్టు బయట నిలిపిన బండి చక్రం తిప్పుతూ ఇద్దరం పాత చైను లెక్కపెట్టాం. కోడలికి నూటపది వచ్చాయి. నాకు నూట పదకొండు.

"సరిసంఖ్యే రావాలి సార్. ఒక బయటి లింకు, ఒక లోపలి లింకు, జంటగానే ఉంటాయి."

"అయితే ఆ ఒంటరిది నా కొసరు" అన్నాను. కొట్టంతా నవ్వింది. కొట్టంతా అంటే ముగ్గురం.

బుధవారం కోడలు సెలవు పెట్టింది. కిరసనాయిలులో ముంచిన పళ్ల బ్రష్షుతో చక్రం పళ్లన్నీ తోమింది, క్లినిక్కులో కూడా అంత ముద్దుగా తోముతుందో లేదో. పాత చైను కొసకి కొత్త చైను తగిలించి లాగితే, కొత్తది బుద్ధిగా తొడుగులోంచి దారి కనుక్కుని వచ్చింది. రెండు కొసల్నీ కలిపే లాకుకి మూసి ఉన్న వైపు చైను నడిచే దిక్కుకి ఉండాలి. అది నేను గుర్తుచేశాను, ఇన్నాళ్లు పక్కనుండి చూసింది ఊరికే పోలేదు. బండి స్టాండు మీదే ఉంది, చక్రం గాల్లో తిరుగుతోంది. కోడలు రెండు వైపులా నట్లు సమంగా బిగించింది. కింది వరస మధ్యలో వేలు పెట్టి ఊపితే చైను బొటనవేలి మందం ఆడింది. పుస్తకంలోనూ అంతే రాసుంది. ఒకరినొకరు మెచ్చుకుని టీ తాగాం.

గురువారం సాయంత్రం కోడలు సందులో ఒక రౌండు కొట్టి వచ్చింది. చైను చప్పుడే లేదు.

"మీరూ ఎక్కండి మావయ్యా."

మూడేళ్లయింది. "నేనెందుకులే" అన్నాను. తను ఇంజను ఆపకుండా అలాగే నిలబడింది. ఎక్కాను.

గేటు గట్టు దిగామో లేదో, కింద నుంచి కీచుమని అరుపు. ఇంకో గుంత, ఇంకో అరుపు. కోడలు బండి ఆపేసింది.

"మీరు చిక్కారనుకున్నానే!"

తోసుకుంటూ కొట్టుకి వెళ్లాం. రేపు ఐదింటికి గడువు. గొలుసుల బాబాయి నన్ను మళ్లీ సీటు మీద కూర్చోబెట్టి, చైనుని వేలితో మీటాడు. వీణ తీగలా పలికింది.

"బిగించేటప్పుడు బండి మీద ఎవరిని కూర్చోబెట్టారు?"

"ఎవర్నీ లేదు."

"అదీ సంగతి. మనిషెక్కితే వెనక చక్రం పైకి జరుగుతుంది తల్లీ, చైను బిగుసుకుంటుంది. మనుషులెక్కాకే బొటనవేలి మందం ఉండాలి. పుస్తకంలో ఆ ముక్క పైన రాసుంటుంది, ఎవరూ చదవరు. నయం, తెగలేదు."

నాకప్పుడు గుర్తొచ్చింది. నెలకో ఆదివారం మా ఆవిడ షెడ్డులోంచి కేక వేసేది: "ఏమండీ, వచ్చి ఎక్కి కూర్చోండి!" నేను పేపరు పట్టుకెళ్లి, సీటు మీద కూర్చుని పైకి చదువుతుంటే, తను కింద పానాతో ఏదో తిప్పుకునేది. తోడుకి పిలుస్తోందనుకునేవాణ్ని.

"అయితే నేను బరువునన్నమాట" అన్నాను.

"బరువే కావాలంటే షెడ్డులో ఇసుక బస్తాలు రెండున్నాయి కదా మావయ్యా" అంది కోడలు. "అత్తయ్య వాటిని ఎప్పుడైనా ఎక్కించిందా?"

ఎక్కించలేదు. నేను కళ్లజోడు తీసి తుడుచుకున్నాను. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

కోడలు కింద కూర్చుని బిగించాలి కాబట్టి, ముందు సీటుకి బాబాయి ఎక్కాడు, వెనక నేను. పేవ్‌మెంటు మీద కదలని బండెక్కి ఇద్దరు ముసలివాళ్లం, కాళ్లు నేలకి తన్నిపెట్టి.

"ఎక్కడికి ప్రయాణం బాబాయ్?" అని ఎవరో అడిగారు.

"ఇంకా తేల్చుకోలేదు, నువ్వు పద!" అన్నాడాయన. కోడలు కింద నుంచి "నవ్వకండి, కొలత కదులుతోంది" అని అరిచింది. దానికింకా నవ్వాం.

శుక్రవారం నాలుగూ నలభైకి మా వంతు వచ్చింది. తనిఖీ అధికారి కుర్రాయన, చేతిలో అట్ట, చెవి మీద పెన్ను. దీపాలు, బ్రేకులు, హారను, అన్నిటికీ టిక్కు పెట్టి పెన్ను మళ్లీ చెవికెక్కించాడు. తరవాత బండిని స్టాండు వేయించి, చైనుని ఊపాడు. రెండు వేళ్ల మందం వేలాడింది.

"లూజు. నెగ్గదమ్మా."

పెన్ను చెవి మీద నుంచి దిగింది. ఆవరణలో మా వెనక ఇంకో బండి లేదు, మాకు మరో రోజూ లేదు.

"మనుషులెక్కాక చూడండి సార్" అంది కోడలు.

"నా పని బండిని చూడడం, మనుషుల్ని కాదు."

"మనుషులెక్కని బండికి నంబరెందుకు సార్?"

ఆయన పెన్ను కాగితం పైనే ఆగింది. అప్పుడు నన్నెవరూ పిలవలేదు. నేనే వెళ్లి బండిని స్టాండు మీద నుంచి దించాను. ఈ జన్మలో మొదటిసారి దించాను, పడలేదు. కోడలు ముందెక్కింది, నేను వెనక. వీలైనంత బరువుగా కూర్చున్నాను. ఆయన నిట్టూర్చి, మోకాళ్ల కింద కాగితం పరుచుకుని వంగాడు. స్కేలు పెట్టి కొలిచాడు. మమ్మల్ని ఒక అడుగు ముందుకి తోసి మళ్లీ కొలిచాడు. ఇంకో అడుగు, ఇంకోసారి. మూడుసార్లూ బొటనవేలి మందమే.

"దిగమంటారా?" అన్నాను.

"దిగకండి" అన్నాడు టిక్కు పెడుతూ. "ఇలాగే వెళ్లిపోండి. నెగ్గింది." ముద్ర గుద్ది కాగితం ఇస్తూ, గొంతు తగ్గించి అడిగాడు. "మా నాన్న బండికి నేను స్టాండు మీదే బిగిస్తున్నాను. కొంప మునుగుతుందంటారా?"

"మీ నాన్నని పిలిచి కూర్చోబెట్టండి" అన్నాను.

తిన్నగా ఇంటికి రాలేదు. కోడలు నది వంతెన మీదుగా చుట్టూ తిప్పి తెచ్చింది. గాలికి తన మాటలు సగమే వినిపించాయి, రెండో సగం నేనే వేసుకుని నవ్వాను. చైను మాత్రం ఒక్క మాటా అనలేదు.

ఇంటికొచ్చేసరికి చీకటి పడింది. మా అబ్బాయి రైలు డ్రైవరు, అర్ధరాత్రి డ్యూటీకి వెళ్లాలని షెడ్డు పక్కగదిలో నిద్రపోతున్నాడు. నడిచి వచ్చిన చైను వేడిగా ఉన్నప్పుడే నూనె పట్టించాలని కోడలు బండిని స్టాండు వేసింది. నేను చక్రం మెల్లగా తిప్పుతూ ఉంటే, తను లోపలి వైపు నుంచి ఒక్కో లింకుకీ ఒక్కో చుక్క వేసింది. ఇద్దరం లెక్కపెట్టాం. ఈసారి నాకూ నూటపదే వచ్చాయి. కారిన నూనె గుడ్డతో తుడిచి, దీపం ఆర్పి, మా వాడి నిద్ర చెడకుండా కోడలు షెడ్డు తలుపు కాస్త పైకెత్తి, చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది.