బోర్డు దాటిన కుడికాలు

నేను ఒక కుడికాలి స్కేటును. నాలుగు వందల మ్యాచ్‌లకు పైనే ఆడాను. వాటిలో ఒకటి ఓడిపోవడానికి నేరుగా నేనే కారణం. ఆ సంగతి చెప్పడానికే నోరు విప్పాను.

నన్ను ఎన్నడూ చూడనివాళ్ల కోసం ఒక మాట. పైన చీలమండను బిగించి పట్టే గట్టి బూటు, కింద జానెడుకు పైగా పొడవున్న ఉక్కు బ్లేడు. అదే నేను. ఐస్ హాకీ ఆడేవాళ్ల కాలికి ఉంటాను. ఎడమకాలిది నా జత. అది నెమ్మదైనది, తప్పులు చేయదు.

పుట్టింది సగం ఏడాది మంచు కురిసే ఒక దూరదేశంలో. నా మొదటి యజమాని ఒక్క సీజన్ ఆడి, కొత్త మోడల్ వచ్చిందని నన్ను పక్కన పెట్టాడు. వాడనిదాన్ని వదిలించుకునేటప్పుడు దానం అంటే మనుషులకు మనసు తేలికపడుతుంది. ఆ దానం ఒక సంచిలో పడి, సముద్రం దాటి, కొండలెక్కి లద్దాఖ్‌లోని లేహ్ చేరింది. అక్కడ సరిహద్దు దళం జట్టు సంచి విప్పింది. మొదట చెయ్యి పెట్టినవాడు దాలినాయుడు.

దాలినాయుడిది శ్రీకాకుళం జిల్లాలో ఒక చేపల రేవు. చిన్నప్పుడు అతనికి తెలిసిన ఐసు ఒక్కటే, చేపల పెట్టెలో వేసేది. దళంలో చేరాక లేహ్‌కి పోస్టింగ్ వచ్చింది. గడ్డకట్టిన చెరువు మీద జవాన్లు కర్రలు పట్టుకుని పరిగెడుతుంటే చూసి, నెల తిరక్కుండా తానూ దిగాడు. పడ్డాడు. లేచాడు. నాలుగో శీతాకాలానికి జట్టులో ఉన్నాడు, ఆరో శీతాకాలానికి కెప్టెన్. నేను అతనికి ఒక సైజు పెద్ద. రెండు మేజోళ్లు తొడిగి సరిపెట్టాడు. అలా పన్నెండేళ్లు.

ఈ ఆటలో ఒక పద్ధతి ఉంది. మంచు మీద గోల్ కాసే గోలీ కాక ఐదుగురే ఉండాలి. ఒక నిమిషం ఊపిరి బిగబట్టి ఆడాక వాళ్లు గట్టుకు వచ్చేస్తారు. బెంచీ మీదున్న ఐదుగురు మంచు అంచున అడ్డుగా ఉండే నడుమెత్తు బోర్డు మీంచి దూకి లోపలికి వెళతారు. ఆట ఆగదు. "చేంజ్!" అని కోచ్ అరవడమే గుర్తు. ఆ అరుపు వినగానే ముందు దూకేది కుడికాలు. అంటే నేను. పన్నెండేళ్లలో ఎన్ని వేలసార్లు దూకానో!

దాలినాయుడికి ఒక చెడ్డ అలవాటు కూడా ఉండేది. బయటికి రమ్మని పిలిస్తే వినబడనట్టు ఉండేవాడు. ఒక నిమిషం రెండయ్యేది, రెండు మూడయ్యేవి. అలసిన కాలు నాలో ఎలా వణికేదో నాకు తెలుసు. పోయిన శీతాకాలం అలాంటి మూడో నిమిషంలోనే కుడి మోకాలు మెలితిరిగింది. ఇక ఆడటానికి లేదన్నాడు డాక్టరు.

ముప్పై ఆరేళ్లకు దాలినాయుడు కోచ్ అయ్యాడు. "ఈ టోర్నీ చూద్దాం. కుదిరితే ఉంటావు. లేదంటే ఏప్రిల్‌లో చెక్‌పోస్టు డ్యూటీ" అన్నాడు కమాండెంట్. కోచ్‌కు స్కేట్లతో పనిలేదు. అయినా మొదటి మ్యాచ్ పొద్దున దాలినాయుడు మమ్మల్ని తొడుక్కున్నాడు.

బ్లేడ్లకు పదును పెట్టేది సింహాద్రి. విజయనగరం వైపువాడు. ఊళ్లు దగ్గరివని వరస కలుపుకున్నారు.

"ఏటి బావా, కోచ్‌కి పదునెందుకు? ఎవులి పీక కోస్తావేటి?"

"నోరుమూసుకుని పెట్రా. ఉట్టి బూట్లతో నిలబడితే టిక్కెట్టు కొనుక్కుని సూడ్డానికొచ్చినోడిలా ఉంటాది."

మ్యాచ్‌లో మూడు ఘట్టాలు; ఇది చివరిది. స్కోరు రెండు రెండు. మావాళ్లు అలసి గట్టువైపు వస్తున్నారు. దాలినాయుడు ఛాతీ నిండా గాలి పీల్చి "చేంజ్!" అని అరిచాడు.

నాకు వినబడింది.

నేను దూకాను.

బోర్డు మీంచి ఎగిరి మంచు మీద దిగి, నాలుగు అంగల్లో మధ్యగీత దాటేశాను. ఏదో తేడాగా ఉందని అప్పుడు తోచింది. దాలినాయుడి చేతిలో కర్ర లేదు. ఒంటిమీద జెర్సీ లేదు. మెడలో కోచ్ గుర్తింపు కార్డు ఊగుతోంది. మాతో కలిపి మా జట్టువి ఆరు స్కేట్ల జతలున్నాయి, ఐదుండాల్సిన చోట. రిఫరీ ఈల వేశాడు. జనం ముందు నోరెళ్లబెట్టారు, తర్వాత పగలబడి నవ్వారు.

శిక్షగా రెండు నిమిషాలు మా జట్టు నలుగురితో ఆడింది. గోల్ పడింది. ఓడిపోయాం.

డ్రెస్సింగ్ గదిలో కొత్త కెప్టెన్ నోర్ఫెల్ హెల్మెట్ తీసి పక్కన పెట్టాడు. లద్దాఖ్ వాడు. నిన్నటిదాకా 'నాయుడు భయ్యా' అనేవాడు.

"కోచ్ సాబ్, బాగా పరిగెత్తారు. మోకాలు నయమైనట్టుంది" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

కమాండెంట్ నిలబడే మాట్లాడాడు. "రేపు ఓడితే మనం టోర్నీ బయట. రేపు ఓడితే నువ్వు చెక్‌పోస్టుకి. అర్థమైందా?"

సాయంత్రం సింహాద్రి షెడ్డులో టీ తాగుతూ దాలినాయుడు నా వంకే చూస్తున్నాడు.

"నాను దూకలేదురా. కాలు దూకేసింది."

"రిటైరైపోనావని దానికి సెప్పలేదేటి బావా? రేపు ఇప్పేసి ఎల్లు. గొడవొగ్గిపోద్ది."

"ఇప్పేస్తే నానేటవుతానురా?"

సింహాద్రి ఖాళీ గ్లాసులు తీసుకుని లేచాడు.

మర్నాడు పొద్దున దాలినాయుడు మమ్మల్ని తొడుక్కుని బెంచీ దగ్గరికి వచ్చాడు. అందరూ చూస్తుండగా వంగి, నా తాడునూ ఎడమదాని తాడునూ కలిపి ముడి వేశాడు. ఒకటి కాదు, మూడు ముళ్లు. చేపల రేవులో పడవకు వేసే ముడి. ఇక దూకడం కాదు, అంగ వేయడం కూడా కుదరదు. సింహాద్రి తల పట్టుకున్నాడు.

మొదటి ఘట్టమంతా ఆ కాలు నాలో గింజుకుంది. ప్రతి 'చేంజ్'కూ నేను లేవబోయాను, ముడి ఆపింది. రెండో ఘట్టం మధ్యలో ఎప్పుడో కాలు గింజుకోవడం మానేసింది. అంత కదలకుండా అతను ఐస్ పక్కన నిలబడటం అదే మొదలు. మంచు మీదున్నవాడికి కర్రతో కొట్టే నల్లటి రబ్బరు బిళ్ల ఒక్కటే కనబడుతుంది. నిలబడినవాడికి పదిమందీ కనబడతారు.

మూడో ఘట్టంలో మిగిలింది నాలుగు నిమిషాలు. స్కోరు ఒకటి ఒకటి. నోర్ఫెల్ మంచు మీదే ఉన్నాడు. "చేంజ్!" అన్నాడు దాలినాయుడు. నలుగురు వచ్చారు. నోర్ఫెల్ రాలేదు. మళ్లీ అరిచాడు. వినబడనట్టు అటు తిరిగాడు నోర్ఫెల్. అతని కుడి బ్లేడు మంచును కోయడం లేదు, గీరుతోంది. అలసిన కాలు చేసే చప్పుడు అది. ఆ చప్పుడు నాకు తెలుసు. దాలినాయుడికీ తెలుసు. పట్టుతప్పి, గోల్‌పోస్టుకు కాలు కొట్టుకుని, చివరికి కుంటుతూ బెంచీకి వచ్చాడు నోర్ఫెల్.

"కూర్చో. ఇవాళ్టికి చాలు."

"సాబ్! ఇంకా మూడు నిమిషాలున్నాయి. నేను లేకుండానా?"

"నేను లేకుండా ఆడటం లేదా మీరు?"

నోర్ఫెల్ కర్రను నేలకేసి కొట్టాడు. కమాండెంట్ స్టాండ్‌లో లేచి నిలబడ్డాడు. జట్టులో అందరికన్నా మంచి ఆటగాడిని కూర్చోబెట్టి ఓడితే చెక్‌పోస్టు ఖాయం. నాలో కాలి వేళ్లు బిగుసుకున్నాయి. దాలినాయుడు మాట మార్చలేదు. నోర్ఫెల్ స్థానంలో సోనమ్‌ను పంపాడు. సోనమ్ అప్పటిదాకా టోర్నీలో మొత్తం కలిపి పది నిమిషాలు కూడా ఆడలేదు. అందుకే కాళ్లు తాజాగా ఉన్నాయి.

ఎదుటి జట్టు రక్షకులిద్దరూ చాలాసేపటి నుంచి మారలేదు. దాలినాయుడు అది చూశాడు. "సోనమ్, వాళ్ల వెనక్కి కొట్టు! పరిగెత్తించు!" అని అరిచాడు. సోనమ్ బిళ్లను వాళ్ల వెనక మూలకు కొట్టాడు. వాళ్లు తిరగడానికి అర క్షణం ఆలస్యమైంది. తాను ముందు చేరాడు. గోల్.

దాలినాయుడు ఎగరబోయాడు. నా తాడు సంగతి మరిచాడు. బెంచీ వెనక బోర్లా పడ్డాడు. అతన్ని లేపింది నోర్ఫెల్. తిట్టుకుంటూనే లేపాడు.

గెలిచాం, ఫైనల్‌కు చేరాం. కమాండెంట్ వచ్చి దాలినాయుడి కాళ్లవంక చూసి, "ఆ ముడి విప్పెయ్, కోచ్" అని మాత్రం అని వెళ్లిపోయాడు. కోచ్ అన్నాడు! ఆ ఒక్క మాట చాలు.

ఎల్లుండే ఫైనల్. షెడ్డులో నోర్ఫెల్ స్కేటు తిప్పి చూశాడు సింహాద్రి. గోల్‌పోస్టు దెబ్బకు కుడి బ్లేడు చిట్లింది. కొత్తది రావాలంటే నెల. దాలినాయుడు వంగి నన్ను విప్పాడు. తన కాలు బయటికి తీసి, నన్ను బల్ల మీద పెట్టాడు.

"నా బ్లేడు ఇప్పీరా. కొలత ఒకటే."

"బావా, ఇప్పితే మళ్లీ..."

"ఇప్పీ అన్నాను కదా."

రెండు స్క్రూలు. అంతే. బ్లేడు ఊడివచ్చింది. నాకు నొప్పి లేదు, కానీ చాలాసేపు ఎటు ఒరగాలో తెలియలేదు. దాలినాయుడు మామూలు బూట్లు వేసుకుని ఇంటికి నడిచాడు. కుంటి నడకే. తొందర మాత్రం లేదు.

ఫైనల్ నేను చూడలేదు. నోర్ఫెల్ రెండు గోల్స్ వేశాడని, పిలిచిన ప్రతిసారీ బయటికి వచ్చాడని సింహాద్రి చెప్పాడు. బ్లేడు ఎవరిదని ఎవరూ అడగలేదట.

కింద బ్లేడు పట్టే ఇరుకు చట్రమే మిగిలినా ఇప్పుడు నాకో ఉద్యోగం ఉంది. కొత్తగా చేరినవాళ్లకు ఏ సైజు కావాలో చూడటానికి సింహాద్రి ముందు నన్నే తొడిగిస్తాడు. ఇవాళ పొద్దున రాజస్థాన్ నుంచి ఒక కానిస్టేబుల్ వచ్చింది. ఎండ తప్ప ఏమీ ఎరగని ఊరట ఆమెది. దాలినాయుడు ఆమె ముందు ముక్కాలిపీట మీద కూర్చుని, నా తాళ్లు ఒక్కొక్కటే బిగించాడు.

"పడతానా సార్?" అని అడిగింది.

"పడతావమ్మా. లే."

ఆమె లేచింది. మడమ నాలో గజగజలాడింది. నేను గట్టిగా పట్టుకున్నాను.